వితంతువు భుజం మీద నల్లగుడ్డ

గోడమీద ఉన్నంతసేపూ ఆవిడ మహారాణి. గాజు తీసి, బంగారు చట్రం విప్పి, మెత్తటి గుడ్డ పరిచిన బల్లమీద వెల్లకిలా పడుకోబెడితే మటుకు వైద్యుడి ముందు పడుకున్న మామూలు మనిషే. దెలియా బ్రొజోనికి తన పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అది. ఎంత పేరున్న బొమ్మయినా సరే, బల్లమీదికొచ్చాక బడాయి దిగిపోతుంది.

ఈ బొమ్మ బడాయి సామాన్యమైంది కాదు. ఆకుపచ్చ పట్టుగౌను తొడుక్కున్న స్త్రీ, ముప్ఫై దాటని వయసు, కాస్త పక్కకు తిరిగి మనల్నే చూస్తూ ఉంటుంది. అయిదు వందల ఏళ్ల కిందట గీసింది. ఫ్లోరెన్స్ వచ్చినవాళ్లెవరూ ఆమెను చూడకుండా తిరుగు రైలెక్కరు. గౌను ఎడమ భుజం మీద చిటికెనవేలి గోరంత నల్లటి చదరం ఒకటుంది. అది ఆమె కుట్టుకున్న నల్లగుడ్డ ముక్క అనీ, పండగ బట్టల్లో కూడా పోయిన మొగుణ్ణి మరవలేని వితంతువు ఈమె అనీ ప్రొఫెసర్ ఉబాల్దో గినాస్సి పుస్తకం రాశాడు. ఆ పుస్తకంతో ఆయన దశా తిరిగింది, ఈమె పేరూ మారింది. అంతకుముందు ‘ఆకుపచ్చ గౌను స్త్రీ’. ఆ తరవాత ఊరంతటికీ ‘వితంతువు’. గైడ్లు ఆ నల్లగుడ్డ దగ్గరికి రాగానే గొంతు తగ్గిస్తారు. మొగుడు పోయిన ముసలమ్మలు మ్యూజియం మెట్లమీద పువ్వులు పెట్టి పోతారు.

ఇప్పుడామెకు గాలి చొరబడని కొత్త గాజుపెట్టె చేయించారు. గురువారం సాయంత్రం పెద్ద సభ. ప్రొఫెసర్ పుస్తకం కొత్త ముద్రణ ఆ రోజే విడుదల. సభ కాగానే బొమ్మను పెట్టెలో పెట్టి మూత బిగిస్తారు, మళ్లీ ఇప్పట్లో తెరవరు. ఈలోగా ఒంట్లో ఎక్కడా పగుళ్లు, పొక్కులు లేవని చూసి చెప్పడం దెలియా పని.

ఆమె టార్చిని బల్లకు ఆనించి, వెలుగు బొమ్మ మీద అడ్డంగా పాకేట్టు పట్టుకుంది. ఎదురుగా పడే వెలుగులో కనపడనివన్నీ పక్కవాటు వెలుగులో బయటపడతాయి. కుంచె వెంట్రుకల గీతలు, చెక్క వంపు, పెదవి కింద ఎప్పటిదో సన్నటి చీలిక. నుదుటినుంచి మొదలుపెట్టి ముఖం, మెడ, గొలుసు చూసుకుంటూ భుజం దాకా వచ్చి ఆగింది. కాసేపు టార్చిని ఇటూ అటూ తిప్పింది. తరవాత మైక్రోస్కోపు చెయ్యి లాగి భుజం మీదికి దించింది.

“రెంజో, ఇలా రా. ఈ నల్లదాన్లో నీకేం కనిపిస్తోంది?”

ఫోటోలు తీసే రెంజో కెమెరా పక్కన పెట్టి వచ్చాడు. “శోకం,” అన్నాడు.

“వేళాకోళం ఆపి చూడు.”

రెంజో కన్ను ఆనించాడు. “గౌను మడతల గీతలు ఈ నలుపు కిందనుంచి దూరిపోయి అవతల తేలుతున్నాయే! గుడ్డముక్క బొమ్మ వేసుంటే పైన దాని గీతలు దానికుండాలి కదా?”

“దీనికసలు గీతల్లేవు. కుంచే తగల్లేదు.”

“మరేంటిది?”

దెలియా కిటికీ తెరలు లాగేసి నీలిదీపం వెలిగించింది. ఆ దీపం కింద పాత వార్నిష్ ఉన్నచోట పచ్చగా మెరుస్తుంది, తరవాతెవరో పూసిన రంగు ఉంటే నల్లగా కనిపిస్తుంది. భుజం మీది చదరం రెండూ కాలేదు. దుమ్ము పట్టిన కిటికీ అద్దంలాగా మసకబారి, అడుగునుంచి కొంచెం పచ్చగా వెలిగింది. అంచులు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. ఒక మూల దగ్గర, దూదిపుల్ల తిరిగివెళ్లిన వంపు స్పష్టంగా ఉంది. దెలియా నోట్లోంచి గాలి బయటికొచ్చింది.

“మురికి,” అంది.

పాత బొమ్మలు శుభ్రం చేసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. బొమ్మంతా తుడిచినా, గోరంత చోటు తుడవకుండా వదిలేస్తారు. ముందెలా ఉండేది, మీరేం తీశారు అని రేపు ఎవరైనా నిలదీస్తే చూపించడానికి. దాన్ని ‘సాక్షి’ అంటారు. పని జరుగుతున్నన్నాళ్లూ సాక్షి నడిమధ్యన ఉన్నా తప్పులేదు. పని ముగిసే రోజున ఎక్కడో అంచున ఒకటి ఉంచుకుని మధ్యది తుడిచేస్తారు. ఈ బొమ్మ మీద పని ముగియలేదు. ముగియనివ్వలేదు.

రెంజో ముందు కిసుక్కున నవ్వాడు, తరవాత పొట్ట పట్టుకున్నాడు. “అంటే... ఇన్నాళ్లూ ఊరు ఊరంతా మసికి దండం పెట్టిందా? మా పిన్ని పోయినేడు దీని ముందు ఏడ్చింది తెలుసా!” నవ్వుతూ నవ్వుతూ దెలియా మొహం చూసి ఆగిపోయాడు. “అయ్యో. ఈ బొమ్మ... మీ అమ్మ చేసింది కదూ.”

మ్యూజియంలో ఆ సంగతి తెలిసింది రెంజోకి ఒక్కడికే. దెలియాది తండ్రి ఇంటిపేరు. తల్లి నివెస్ లపీని ఈ గదిలోనే, ఇదే కిటికీ పక్కన కూర్చుని ఈ ముఖం మీది మసి తుడిచింది. అప్పుడు గినాస్సి పత్రికలో రాశాడు: చిత్రకారుడు చివర్లో బొమ్మంతటికీ పల్చటి గోధుమరంగు పూత పూశాడు, ఈ ఆడమనిషి దాన్ని అంట్లగిన్నె తోమినట్టు తోమి పారేసింది, అని. మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర కాపలావాడు చెయ్యి చాచి నివెస్ దగ్గర తాళాలు తీసుకున్నాడు. ఆ చేత్తో ఆమె మళ్లీ ఏ బొమ్మా ముట్టలేదు. బొమ్మను గాజు వెనక్కి పంపేశారు. ఆ తరవాత గినాస్సి వచ్చి, గాజు ఇవతల నిలబడి చూసి, భుజం మీది మసిలో శోకం కనిపెట్టాడు. అదేమిటని అడిగితే చెప్పగల మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషిని తనే తరిమేశాడు.

“డైరెక్టర్‌కి ఇప్పుడే చెబుదామా?” అన్నాడు రెంజో.

“చెబితే ఏమవుతుంది? తలుపులేసుకుని ముగ్గురు మాట్లాడుకుంటారు. సభ వాయిదా అంటారు. ఆ ముసలాయనకి జలుబు చేసిందంటారు.” దెలియా నీలిదీపం ఆర్పింది. “వద్దు. గురువారం. అందరి ముందూ. మైక్రోస్కోపుని తెరకి తగిలిద్దాం. ఊరంతా చూస్తుండగా ఆయన నల్లగుడ్డని తుడిచేస్తా. దేంతో తుడుస్తానో తెలుసా?”

రెంజోకి తెలుసు. ఇలాంటి మసికి మనిషి ఉమ్మిని మించిన మందు లేదని ఆ పనివాళ్లందరికీ తెలుసు. దూదిపుల్ల నాలిక మీద తడుపుకుని తుడుస్తారు, తరవాత నీళ్లతో ఒకసారి అద్దుతారు. అందులో సిగ్గేం లేదు, పాతకాలం నుంచీ ఉన్నదే.

“ఉమ్ముతావన్నమాట,” అన్నాడు రెంజో.

“ఉమ్ముతాను,” అంది దెలియా. ఆ మాట అన్నాక ఆమెకు ఒంట్లో ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. చిన్నప్పుడు బళ్లో పిల్లలు తనను చూసి గిన్నె తోముతున్నట్టు చేతులు తిప్పేవాళ్లు. ఆ చేతులన్నీ ఇప్పుడు గినాస్సివైపు తిరగాలని ఆమె కోరిక.

మంగళవారం గినాస్సి తనే వచ్చాడు. మెడకు పట్టు రుమాలు, చేతిలో వెండిపొన్ను కర్ర. డెబ్బై దాటినా వెన్ను వంగలేదు. గదిలోకి రాగానే అక్కడున్న అందరికీ తలొక తీపిమాట పంచి, బల్ల దగ్గరికొచ్చాడు.

“ఏమ్మా డాక్టరమ్మా, ఎలా ఉంది నా వితంతువు? రాత్రి సరిగ్గా నిద్రపోయిందా?”

“బాగానే ఉందండీ. చెక్క గట్టిగా ఉంది. రంగు ఎక్కడా లేవలేదు.”

“లేవదు. ఆవిడకి ఓర్పెక్కువ.” ఆయన తన వేలికొస ముద్దుపెట్టుకుని, భుజానికి బెత్తెడు పైన గాలిలో ఆనించాడు. “దీని మీద ఎన్ని పేజీలు రాశానో. ఎన్ని ఊళ్లల్లో చెప్పానో. ఒక చోట ఒక మహాతల్లి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అంతా ఇంతా కాదు, ఈ గోరంత గుడ్డ.”

దెలియా దూది పేలికలు పుల్లలకు చుడుతూ తల ఎత్తలేదు. గురువారం దాకా నోరు మెదపకూడదని అనుకుంది. వేళ్లు మటుకు దూదిని బిగించేస్తున్నాయి.

“ఈవిడ అదృష్టం ఏంటో తెలుసా?” గినాస్సి కర్ర మీద వాలాడు. “ఇది ఆ తోముడావిడ చేతికి చిక్కలేదు. ముఖం తోలు వొలిచేసింది కదా, ఇంకొక్క వారం ఊరుకుని ఉంటే ఈ గుడ్డనీ తోమేసేది. సమయానికి నేను రాశాను గనక సరిపోయింది. ఎవరావిడ... చూశారా, పేరు కూడా గుర్తు రావట్లేదు.”

పుల్ల పుటుక్కున విరిగింది.

“అది గుడ్డ కాదండీ,” అంది దెలియా. “మురికి.”

గది మూల రెంజో తల పట్టుకున్నాడు.

గినాస్సి చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వాడు. దెలియా మైక్రోస్కోపును ఆయన కంటి ఎత్తుకు సర్ది, టార్చి పక్కవాటుగా పెట్టి, కుర్చీ జరిపింది. ఆయన కూర్చుని వంగాడు. మొదట కర్ర తొడల మీద ఉంది. కాసేపటికి జారి నేలమీద పడింది, ఆయన తీసుకోలేదు. పట్టు రుమాలు పైన మెడ ఎర్రబడటం దెలియా చూసింది. ఆ ఎరుపు చెవుల దాకా పాకేదాకా కదలకుండా చూసింది. అంత కమ్మగా ఆమె ఈమధ్య దేన్నీ చూడలేదు.

“సాక్షి,” అన్నాడు గినాస్సి చాలా చిన్నగా.

“అవునండీ.”

ఆయన అలాగే వంగి ఇంకాసేపు ఉన్నాడు. లేచేసరికి ఎరుపు పోయింది. మొహం మీదికి మునుపటికంటే పెద్ద నవ్వొచ్చింది. దెలియా ఆ నవ్వు కోసం సిద్ధంగా లేదు.

“మనిషన్నాక పొరపాటు. ముసలాడన్నాక రెండు. డాక్టరమ్మా, మీరు నాకు మేలు చేశారు. గురువారం నాడు నేనే నా నోటితో చెబుతాను, తప్పయిందని. అందరూ చూస్తుండగా మీరు దాన్ని తుడవండి. శుభ్రంగా తుడవండి, అణువు కూడా మిగలకూడదు. నా సిగ్గు కూడా దాంతో పోవాలి.” కర్ర అందుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. “ఒక్కటే మాట. తుడవడమే. కత్తులూ సూదులూ నమూనాలూ పెట్టుకోవద్దు. పాపం, ఆవిడ ఒకసారి బాధపడింది చాలు.”

ఆయన తలుపు దాటగానే రెంజో వచ్చాడు. “ఇంక రెండ్రోజులు ఆగలేకపోయావా?”

“ఆగలేకపోయా. పేరు గుర్తు లేదట!”

“చూస్తుండు, గురువారం తప్పు ఒప్పుకున్నందుకే చప్పట్లు కొట్టించుకుంటాడు.”

దెలియాకి ఏదో వెలితిగా అనిపించింది, ఎందుకో తేలలేదు. “కొట్టించుకోనీ. ఉమ్మి నాదే కదా,” అంది. అంది గానీ, మొదటిసారి అన్నప్పటి హాయి లేదు ఆ మాటలో.

నివెస్ లపీని ఆర్నో నదికి అవతలి ఒడ్డున, సాన్ ఫ్రెదియానో పేటలో రెండో అంతస్తులో ఉంటుంది. బుధవారం మధ్యాహ్నం దెలియా వెళ్లేసరికి వంటింటి బల్లమీద పచ్చి చిక్కుడుకాయల కుప్ప, పక్కన మేకజున్ను ముక్క, ఉప్పులేని రొట్టె ఉన్నాయి. నివెస్ కాయలు ఒలుస్తోంది. గోళ్లు ఆకుపచ్చగా మరకపడ్డాయి. బల్లమీద నీటిచుక్క పడితే గుడ్డతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ తుడవడం ఆమెకింకా పోలేదు.

“ఏంటే ఆ మొహం? పెళ్లి కుదిరిందా?”

“అంతకంటే మంచి మాట. కూర్చో.”

“కూర్చునే ఉన్నా. నువ్వు కూర్చో.”

దెలియా మొత్తం చెప్పింది. టార్చి, నీలిదీపం, దూదిపుల్ల తిరిగిన మూల. గినాస్సి మెడ ఎర్రబడటం రెండుసార్లు చెప్పింది. రేపు తన ఉమ్మితో ఎలా తుడవబోతోందో చేత్తో చేసి చూపించింది. చెప్పడం అయ్యాక తల్లి నవ్వుతుందని చూసింది. నివెస్ నవ్వలేదు. చేతిలోని కాయను మెల్లగా బల్లమీద పెట్టింది.

“ఎవరికి చెప్పానన్నావ్?”

“గినాస్సికే.”

“వాడికే. సరాసరి వాడికే చెప్పావు.” నివెస్ కళ్లద్దాలు తీసింది. “నీ నోట్లో నువ్వుగింజ నానదే. పుట్టినప్పట్నుంచీ అంతే.”

“అదేంటమ్మా, నీకోసమే కదా...”

“నాకోసం! నాకు తెలీదనుకున్నావా వాడు దేనికి దండం పెడుతున్నాడో? నేను వదిలిన మురికి నాకు తెలీదూ? ఆ పుస్తకం వచ్చిన రోజు నేను కొట్టుకెళ్లి కొనుక్కొచ్చా. ఇదే బల్లమీద చదివా. ‘వెక్కి వెక్కి ఏడ్చే నలుపు’ అని రాశాడు మసి గురించి. నవ్వలేక చచ్చా.”

“మరి అప్పుడెందుకు చెప్పలేదు?”

“చెప్తే మర్నాటికి నున్నగా తుడిచేసేవాళ్లు. ఇప్పుడు నువ్వు తుడవబోతున్నట్టు.” నివెస్ ఒక రొట్టెముక్క తీసి దెలియా ముందు పెట్టింది. దానిమీద జున్ను పలక, జున్ను మీద చిక్కుడుగింజ పెట్టింది. “బొమ్మ మీద ఏముండేదని రాశాడు వాడు నా గురించి రాసినప్పుడు?”

“గోధుమరంగు పూత. మొత్తం బొమ్మకి. నువ్వు తీసేశావని.”

“మరి నేను చెయ్యి పెట్టని చోటు ఆ బొమ్మ మొత్తమ్మీద ఎక్కడుంది?”

దెలియా చిక్కుడుగింజ వైపు చూసింది. జున్ను వైపు, రొట్టె వైపు చూసింది. అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ ప్రశ్న ఆమె వేసుకోలేదు. పగ కళ్లకు గంతలు కడుతుందని పెద్దలన్నది ఊరికే కాదు. చదువంతా, పనితనమంతా ఉండి కూడా, ఆ ముసలివాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేయడం తప్ప ఆమెకు ఇంకేమీ కనపడలేదు. అక్కడ పొరలు పొరలుగా ఉన్నది తల్లి పరువు. దాన్ని ఉమ్మితో తుడిచెయ్యడానికి తనే పుల్లలు చుట్టి పెట్టుకుంది.

“పూత ఉంటే ఆ మసి కింద ఉంటుంది,” అంది మెల్లగా. “లేకపోతే లేదు.”

“లేదు. నా కళ్లతో చూశా. నా మాట ఎవడు విన్నాడు? వాడు దాన్ని శోకం అన్నాక చూడు, ఎంత కాపలా పెట్టారో! గాజు పెట్టారు, గార్డుని పెట్టారు, ముసలమ్మలు పువ్వులు పెట్టారు. నా సాక్ష్యానికి అంత భద్రం నేను చేయించగలనా? గుడ్డి దున్నపోతు, ఇన్నేళ్లూ నా మూట మోసింది. నువ్వెళ్లి దాని చెవిలో చెప్పావు, వీపు మీద మూట ఉందని.”

“నాకైనా చెప్పి ఉండొచ్చు కదమ్మా!”

“నీ నోరు తెలిసి చెబుతానా? బొమ్మ బల్లమీదికి దిగిన రోజు చెబుదామనుకున్నా. ఆదివారం వచ్చి ఏమన్నావు? ఏదో పెద్ద బొమ్మ వస్తోందన్నావు. ఏ బొమ్మో చెప్పావా?”

“చెబితే బాధపడతావని...”

“బాధ! దాని చెంప మీద ఎన్ని వెంట్రుకంత పగుళ్లున్నాయో ఇప్పటికీ చెప్తా. బాధట.”

కింద వీధిలో ఎవరో స్కూటర్ ఆపి పైకి కేకేస్తున్నారు. నివెస్ మళ్లీ కాయ అందుకుంది. ఒలవడం సగంలో ఆపి, “రేపు వాడేం చెబుతానన్నాడు? సరిగ్గా చెప్పు,” అంది.

“అది మురికే అని. సాక్షి అని. తన పొరపాటని.”

“అంటే అక్కడ నా చెయ్యి తగల్లేదని వాడే చెబుతాడు. అందరి ముందూ.”

“అవును.”

నివెస్ పెదవులు సాగాయి. అది ముసలమ్మ నవ్వులాగా లేదు. “చెప్పనీ. ముందు వాణ్ణి చెప్పనీ. బాగా చెప్పనీ. మధ్యలో నోరు తెరిచావంటే నాలిక కోస్తా.”

గురువారం పొద్దున దెలియా డైరెక్టర్ ఫొంతాని గదికి వెళ్లింది. ఏదైనా తుడిచేముందు అక్కణ్ణించి రవ్వంత నమూనా తీసి దాచడం నియమం, ఇప్పుడు తీస్తున్నాను, మీరు కూడా ఉంటే మంచిది, అంది. ఫొంతాని పెట్టె మూతల గొడవలో తలమునకలై ఉంది. నియమం అనగానే సరేనని లేచి వచ్చింది. ఆమె చూస్తుండగా దెలియా ఊపిరి బిగబట్టి, చదరం మూల నుంచి కత్తిమొనతో ఆవగింజలో నాలుగోవంతు కూడా లేని రవ్వను లేపి, చిన్న అచ్చులో జిగురు పోసి అందులో నిలబెట్టింది. మధ్యాహ్నానికి జిగురు గట్టిపడింది. దాన్ని నున్నగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఒకసారి చూసింది. చూశాక కిటికీ దగ్గరికెళ్లి కొంచెంసేపు బయటికి చూస్తూ నిలబడింది. రెంజో ఫోటో తీసి, తుడిచేముందు ఫోటోలతో పాటే డైరెక్టర్ బల్లమీద పెట్టి వచ్చాడు. ఫొంతాని సభ అయ్యాక చూద్దామని పక్కన పెట్టింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పెద్దమనుషులు, వాళ్ల వెనక నల్లబట్టల ముసలమ్మలు, గోడల వెంట విద్యార్థులు. ప్రతివాళ్ల ఒళ్లోనూ కొత్త పుస్తకం, లోపల గినాస్సి తాజా సంతకం. బొమ్మను వేదిక మీద పడుకోబెట్టి, పైన మైక్రోస్కోపు బిగించారు. భుజం మీది చదరం వెనక తెరమీద తలుపంత పెద్దగా కనిపిస్తోంది.

గినాస్సి అద్భుతంగా మాట్లాడాడు. ఆ విద్యలో ఆయనకు సాటి లేరు, పగవాళ్లయినా ఒప్పుకోవాలి. తన పొరపాటును ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కకూ జనం నవ్వేలా, చివరికి కళ్లు తడిసేలా చెప్పాడు. “మిత్రులారా, ఇది గుడ్డ కాదు. ఇది ఎవరి చెయ్యీ తగలని మురికి. చిత్రకారుడి తరవాత ఈ గోరంత చోటును ఏ మనిషీ ముట్టలేదు. కాలం ఒక్కటే ముట్టింది. నేను దాన్ని శోకం అనుకున్నాను. క్షమించండి. ఇవాళ ఈమె శోకం తీరిపోతుంది.”

చప్పట్లు మారుమోగాయి. రెండో వరసలో ఒక ముసలమ్మ మాత్రం పక్కావిడతో, “మరి నేను పెట్టిన పువ్వులో?” అంది గట్టిగానే.

గినాస్సి దెలియావైపు చెయ్యి చాచాడు. దెలియా లేచింది. పుల్ల తీసుకోలేదు. రెంజోకి తలూపింది. తెరమీది చదరం పోయి, ఇంకో ఫోటో వచ్చింది. కోసిన ఉల్లిపాయలాగా పొరలు, ఒకదాని మీద ఒకటి.

“తుడిచేముందు దీని అడ్డుకోత చూడాలండీ,” అంది దెలియా. “పొద్దున డైరెక్టర్ గారి ఎదురుగా, ఆ చదరం లోంచే తీసింది. పైనున్నది మసి. దాని కింద పసుప్పచ్చగా ఉన్నది రంగేమీ కలపని పాత వార్నిష్. దాని కింద ఆకుపచ్చ రంగు. దాని కింద చెక్కమీది తెల్లపూత. ప్రొఫెసర్ గారు ఇప్పుడే చెప్పారు, ఇక్కడ ఎవరి చెయ్యీ తగల్లేదని. చిత్రకారుడు బొమ్మంతటికీ పూసిన గోధుమరంగు పూత ఒకటుందని, దాన్ని నివెస్ లపీని తోమేసిందని కూడా ఆయనే రాశారు. ఆవిడ తోమని చోటు ఇది. ఇందులో ఆ పూత ఏ పొరో నాకు తెలియడం లేదు. ప్రొఫెసర్ గారూ, కొంచెం వేలు పెట్టి చూపిస్తారా?”

గినాస్సి దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. “నమూనాలు వద్దన్నాను కదా...” అని మొదలుపెట్టి ఆపేసి, మళ్లీ గొంతు సవరించుకున్నాడు. “భుజం మీద ఉండకపోవచ్చు. ముఖానికి మాత్రమే పూసి ఉంటాడు. నేనన్నది ముఖం గురించి.”

“‘నుదుటి నుంచి గౌను అంచుదాకా, ఎక్కడా తెగకుండా’ అని అప్పుడు పత్రికలో రాశారండీ. కొత్త ముద్రణలోనూ ఉంది. తోముడు గురించి రాసిన అధ్యాయంలో.”

ఎవరో పుస్తకం తెరిచారు. పక్కవాళ్లు తెరిచారు. హాలంతా పేజీలు తిరుగుతున్న చప్పుడు లేచింది. గినాస్సి ఆ చప్పుడు ఆగేదాకా నిలబడాల్సి వచ్చింది. తన సంతకం ఉన్న పుస్తకాల్లో తన మాటలను అంతమంది ఒకేసారి వెతకడం ఏ రచయితకూ రాకూడని కష్టం. ఆయనకు వచ్చింది, బాగా అయింది.

డైరెక్టర్ ఫొంతాని తెరనూ, గినాస్సినీ, దెలియానూ మార్చి మార్చి చూసింది. “నివెస్ లపీని బతికే ఉన్నారా?” అని అడిగింది.

“ఉన్నాను,” అని వెనకనుంచి వినపడింది.

నివెస్ చివరి వరసలోంచి లేచి నడిచి వచ్చింది. తొందరపడలేదు. ఆమె వేదిక మెట్టు ఎక్కుతుంటే గినాస్సి నోట్లోంచి, “నివెస్,” అని వచ్చింది.

“గుర్తుందన్నమాట,” అంది నివెస్.

ఫొంతాని కుర్చీ వేయించింది. క్షమాపణ చెప్పింది, మ్యూజియం తరపున, మాటలు వెతుక్కుంటూ, రెండుసార్లు తడబడుతూ. తరవాత దెలియా చుట్టిపెట్టిన పుల్లల్లోంచి ఒకటి తీసి నివెస్ చేతిలో పెట్టింది. “మీరు వదిలేసిన పని, మీరే ముగించండి. మీ చేత్తో ముగిస్తేనే బాగుంటుంది.”

హాల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. నివెస్ బొమ్మ మీదికి వంగింది. పుల్ల పట్టుకున్న చేతి మణికట్టును బల్ల అంచుకు ఆనించింది. ఆమె ముఖం చూసింది, మెడ చూసింది, భుజం చూసింది. చాలాసేపు చూసింది. దెలియా పక్కన నిలబడి, తల్లి ఊపిరి వింటూ ఉంది.

నివెస్ నిటారుగా లేచి, పొడిపుల్లను తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

“వద్దు,” అంది. “ఉండనీండి.”

“ఉండనిస్తే, అదేంటని అడిగినవాళ్లకి ఏం చెప్పాలి?” అంది ఫొంతాని.

“ఉన్నది చెప్పండి. ఏం చూసి ఎవరేం అనుకున్నారో, ఎవర్ని ఏమన్నారో. పేర్లతో చెప్పండి.”

గినాస్సి రెండడుగులు ముందుకొచ్చాడు. మైకు దగ్గర లేడు గనక వేదిక మీదివాళ్లకే వినపడింది ఆయన గొంతు. “నివెస్, తుడిచెయ్యి. పత్రికలో రాస్తాను. నీ గురించి రాసిందంతా తప్పని రాస్తాను. నిన్ను బతిమాలుకుంటాను, దాన్ని మటుకు తుడిచెయ్యి.”

“రాయి. రాయాల్సిందే.” నివెస్ కోటు గుండీలు పెట్టుకుంటూ ఆయన్ని చూసింది. “దాన్ని మటుకు ఇన్నేళ్లూ కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నావు కదా ఉబాల్దో. బతికున్నన్నాళ్లూ చూసుకో.”